ఇంట్లోనే యూకేజీ: పిల్లకి ఏం వచ్చింది, ఏం రాలేదు అని తెలుసుకునే పద్ధతి

బడికి పంపకుండా ఇంట్లోనే ఎల్‌కేజీ, యూకేజీ చెబుతున్న అమ్మానాన్నల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. మా పిల్లకి అసలు వస్తోందా? ఏం చెప్పాలో పుస్తకాల్లో దొరుకుతుంది. వస్తోందో లేదో చెప్పడానికి మాత్రం ప్రోగ్రెస్ కార్డు లేదు, క్లాస్ టీచర్ లేదు, పేరెంట్స్ మీటింగ్ లేదు. పక్క ఫ్లాట్ పిల్లాడు కాపీరైటింగ్ పుస్తకం మొత్తం నింపేసి చూపిస్తే గుండె జారిపోతుంది. ఆ సాయంత్రమే మన పిల్లని కూర్చోబెట్టి అ నుంచి ఱ వరకు అప్పజెప్పించేస్తాం. దాంతో మనకి కొత్తగా తెలిసేది చాలా తక్కువ. పిల్లకి మాత్రం పుస్తకం చూస్తేనే భయం మొదలవుతుంది.

విశాఖలో ఇలా ఇంట్లో చెప్పుకునే వాళ్లు నన్ను అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. ఈ వయసు పిల్లల్ని గమనించండి, చూసింది చూసినట్టు తేదీ వేసి రాయండి, రాసింది వారానికోసారి చదివి వచ్చే వారం పని మార్చుకోండి. ఈ మూడింట్లో చాలామంది వదిలేసేది చివరిదే. రాసి పక్కన పడేసిన నోట్‌బుక్ ఎంత లావుగా ఉన్నా పిల్లకి పనికిరాదు. కావలసిన సామాను ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక ప్లాస్టిక్ ఫైలు, చేతిలో ఎలాగూ ఉన్న ఫోను. యాప్‌లు, రంగురంగుల చార్టులు అక్కర్లేదు.

ముందు, ఎవరైనా అడిగితే చెప్పడానికి

"పరీక్షలు పెట్టకుండా చదువేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశ అంటుంది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఈ వయసులో పరీక్షలు పెట్టడం ఏమాత్రం తగదని నేరుగానే చెప్పింది. పిల్లల్ని గమనించడం, పిల్లలు గీసినవీ చేసినవీ దాచి పరిశీలించడం, ఈ రెండు దారులే చూపించింది. విద్యాహక్కు చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి కాబట్టి ఐదేళ్ల పిల్ల ఇంట్లో చదువుకోవడానికి చట్టం అడ్డు లేదు. అంటే మనం చేస్తున్నది దొడ్డిదారి పని కాదు, దేశం బడులకి చెబుతున్న పద్ధతే.

మొదటి మెట్టు: ఎక్కడికి చేరాలో తెలుసుకోవడం

చేరాల్సిన చోటు తెలియకపోతే ప్రతి పక్కింటి పిల్లా మనకి కొలబద్ద అయిపోతుంది. చిన్నపిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో 5–6 ఏళ్ల పిల్లలకి పెట్టిన లక్ష్యాలు చాలా చిన్నవి. అక్షరాలు, వాటి ధ్వనులు గుర్తుపట్టాలి. రెండు మూడు అక్షరాల చిన్న పదాలు చదవాలి. 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవాలి. వస్తువుల్ని, ఆకారాల్ని, జరిగిన సంగతుల్ని వరసలో పెట్టగలగాలి. చదువు సంగతిలో ఇంతే! గుణింతాలన్నీ, ఒత్తులన్నీ, 100 వరకు అంకెలు, రెండో ఎక్కం అన్నీ యూకేజీలోనే అయిపోవాలన్న ఒత్తిడి మనం తెచ్చిపెట్టుకున్నది. ఈ లక్ష్యాల్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. గుండె జారిన రోజు ఆ పేజీ తీయండి.

తర్వాత నోట్‌బుక్‌ని ఐదు భాగాలు చేయండి. మాట–చదువు. లెక్క–ఆలోచన. చేతులు–ఒళ్లు. మనుషులతో మెలగడం. సొంత పనులు, అంటే స్నానం, బట్టలు, ప్లేటు తీయడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయడం. బొమ్మలు, రంగులు ఫైలులోకి వెళ్తాయి. ఐదుకి మించి పెట్టుకుంటే నెల తిరక్కుండానే విసుగొచ్చి మానేస్తారు.

రెండో మెట్టు: మొదటి రెండు వారాలు నేర్పకండి, చూడండి

ఇది కష్టమే. కొత్త పుస్తకాలు కొన్న ఉత్సాహంలో ఊరికే చూస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా మొదలు ఎక్కడో తెలియకపోతే డిసెంబరులో ఎంత దూరం వచ్చామో చెప్పలేం. ఈ రెండు వారాలు పిల్ల ఆడుకుంటుంటే, తింటుంటే, బీచ్‌లో గవ్వలు ఏరుకుంటుంటే పక్కన ఉండండి. ఎంతసేపు ఒకే పని మీద ఉంటుంది? తనంతట తాను ఏ పుస్తకం తీస్తుంది? కొత్తవాళ్లు వస్తే ఏం చేస్తుంది? పెన్సిల్ ఏ చేత్తో, ఎలా పట్టుకుంటుంది? తప్పు కనిపించినా సరిచేయకండి, రాసుకోండి.

పగలు ఏ వేళ చురుగ్గా ఉంటుందో కూడా ఇప్పుడే తెలుస్తుంది. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం రెండింటికి కూర్చోబెట్టి చూసిన పిల్లకీ, ఉదయం ఎనిమిదింటికి చూసిన పిల్లకీ పోలికే ఉండదు. మధ్యాహ్నం రాలేదని రాసుకున్నది చాలాసార్లు చదువు సంగతి చెప్పదు, వాతావరణం సంగతి చెబుతుంది.

మూడో మెట్టు: చీటీ రాయడం

పద్ధతి అంతటికీ ప్రాణం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

"ఈరోజు లెక్కలు బాగా చేసింది" అని రాశారనుకోండి. నెల తర్వాత చదివితే అందులో ఏమీ ఉండదు. ఏ లెక్క? ఎంతవరకు? ఎవరు సాయం చేశారు? దాని బదులు మా ఇంట్లో రాసిన ఒక చీటీ చూడండి:

"జూలై 9, ఉదయం. రైతు బజారు నుంచి తెచ్చిన టమాటాలు బుట్టలో వేస్తూ లెక్కపెట్టింది. ఏడు వరకు ఒక్కో కాయా ముట్టుకుంటూ సరిగ్గా. ఎనిమిది దగ్గర ఒకే కాయని రెండుసార్లు లెక్కపెట్టింది. 'మొత్తం ఎన్ని?' అంటే జవాబు చెప్పకుండా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. సాయం లేదు."

నిమిషంలో రాసేది ఇది. కానీ ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి. అంకెల వరస నోటికి వచ్చు. ఒక కాయకి ఒక అంకె అన్నది ఏడు దాకా నిలబడుతోంది. సామాను కుప్పగా ఉంటే తడబడుతోంది. చివరగా చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి ఇంకా మనసుకి ఎక్కలేదు. వచ్చే వారం ఏం చేయాలో ఆ చివరి వాక్యమే చెప్పేస్తోంది.

చీటీలో మీ తీర్పు వద్దు. "బద్ధకించింది", "మొండికేసింది", "తెలివిగా చెప్పింది" అన్న మాటలు కనిపిస్తే కొట్టేసి, అసలు ఏం చేసిందో రాయండి. "మొండికేసింది" బదులు "రెండు అక్షరాలు రాశాక పెన్సిల్ కింద పెట్టి, చెయ్యి నొప్పి అంది" అని రాస్తే సమస్య వేళ్ల బలంలో ఉందేమో అన్న అనుమానం వస్తుంది. మొదటి మాట రాసుకుని ఉంటే కోపం మాత్రమే వచ్చేది.

పిల్ల అన్న మాటలు అన్నట్టే రాయండి. మన ఉత్తరాంధ్ర యాసలో "ఇదేటి?" అంటే "ఇదేటి?" అనే ఉండాలి. మాట ఎలా పెరుగుతోందో తర్వాత ఆ మాటల్లోనే తెలుస్తుంది.

ప్రతి చీటీ చివర మూడింట్లో ఒక గుర్తు: సొంతంగా, సాయంతో, ఇంకా రాలేదు. సాయంతో అయితే ఏ సాయమో కూడా రాయాలి. నోటిమాట అందించారా, చేసి చూపించారా, చెయ్యి పట్టుకుని చేయించారా? ఈ మూడూ ఒకటి కాదు. చెయ్యి పట్టుకుంటే తప్ప రానిది నోటిమాటతో వచ్చేస్తోందంటే అది పెద్ద ప్రగతి. "సాయంతో" అని మాత్రమే రాసుకుంటే ఆ సంగతి ఎప్పటికీ కనిపించదు.

ఒకసారి వచ్చిందని "సొంతంగా" ఖాతాలో వేసేయకండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల మూడుసార్లు కనిపించాలి. కార్డు మీద చూపిస్తే "బ" చెప్పే పిల్ల, బీచ్ రోడ్డులో షాపు బోర్డు మీద దాన్ని గుర్తుపడుతోందా? సిటీ బస్సు ముందున్న తెలుగు బోర్డులో వెతకగలుగుతోందా? అక్కడ కూడా వస్తే ఆ అక్షరం తనదైనట్టే.

రోజుకి ఒకటి రెండు చీటీలు చాలు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక పెన్ను, చిన్న కాగితాల కట్ట పెట్టుకోండి. రాత్రి నోట్‌బుక్‌లో అంటించేయండి. చెయ్యి ఖాళీ లేకపోతే ఫోన్‌లో మాటగా రికార్డు చేసుకుని తర్వాత రాయండి. జ్వరాలు, పెళ్లిళ్లు, తుపాను రోజులు ఉంటాయి. ఆ వారాలు ఖాళీగా వదిలేయండి, జ్ఞాపకం మీద నింపకండి.

నాలుగో మెట్టు: నెలకోసారి అవే నాలుగు పనులు

చీటీలు దారిలో తగిలినవి చెబుతాయి. పోల్చి చూడటానికి మాత్రం ఒకే పని మళ్లీ మళ్లీ కావాలి. ప్రతి నెల మొదటి వారంలో ఈ నాలుగూ, ఒక్కో రోజు ఒక్కటి చొప్పున చేయించండి.

తెల్ల కాగితం మీద మన ఇంట్లోవాళ్ల బొమ్మ. మొదట్లో గుండ్రటి తల, తలలోంచే కాళ్లు వస్తాయి. కొన్నాళ్లకి పొట్ట వస్తుంది, చేతులు, వేళ్లు వస్తాయి, కింద నేల గీత వస్తుంది. ఏమీ సూచించకండి. అయ్యాక "ఇందులో ఏముందో చెప్పు" అని అడిగి, చెప్పింది వెనక రాసి తేదీ వేయండి.

తన పేరు రాయడం. గీతల కాగితం వద్దు. మొదట్లో గీకుళ్లే ఉన్నా దాచండి.

కథ తిరిగి చెప్పడం. తెలిసిన చిన్న కథ ఒకటి, ఫోన్‌లో ఆడియో. ఈ నాలుగింట్లో నాకు అన్నిటికన్నా విలువైంది ఇదే. దాహం వేసిన కాకి కథ తీసుకోండి. ఒక నెలలో "కాకి రాళ్లు వేసింది. నీళ్లు తాగింది" అని ఆగిపోతుంది. ఇంకో నెలలో "నీళ్లు అడుగున ఉన్నాయంట. ముక్కు అందలేదంట. అందుకని రాళ్లు వేసిందంట. అప్పుడు నీళ్లు పైకొచ్చీసాయి!" అంటుంది. సంగతులు రెండు నుంచి నాలుగయ్యాయి, వరస తప్పలేదు, "అందుకని" అన్న మాట దొరికింది. కారణం, ఫలితం రెంటినీ కలిపి పట్టుకుంటోందన్న మాట. ఏ వర్క్‌షీట్ కూడా ఇంత చెప్పదు. "తర్వాత", "అందుకని", "ఎందుకంటే", "కానీ" అన్న మాటలు ఎప్పుడు మొదలయ్యాయో ప్రత్యేకంగా రాసుకోండి.

గుప్పెడు చింతపిక్కలో గవ్వలో లెక్కపెట్టడం. చేతులు మాత్రమే కనిపించేలా చిన్న వీడియో తీయండి. ముఖం మీద ఫోన్ పెడితే పిల్లలు లెక్క వదిలేసి కెమెరాకి నవ్వుతారు.

ఒక మాట. సముద్రం ఒడ్డు ఊరు మనది, తేమకి కాగితాలు ముడుచుకుపోతాయి, వాటర్ కలర్ బొమ్మలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బొమ్మ పూర్తిగా ఆరాక ఒక్కోటీ విడి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. రాసేది బాల్‌పెన్‌తో రాయండి, ఇంకు పెన్ను వద్దు. ఫోటో కూడా తీసి నెల పేరుతో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. ఆ ఫోటోలు, ఆడియోలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెట్టిన రోజునుంచి పిల్ల చూపించడం కోసం చేయడం మొదలుపెడుతుంది, మనం మెచ్చుకోళ్ల కోసం దాచడం మొదలుపెడతాం.

తెలుగు ఎంతవరకు వచ్చిందో ఎలా చూడాలి

వర్ణమాల పాటలా అప్పజెప్పే పిల్లకి అక్షరాలు వచ్చినట్టు కాదు. పాట వచ్చినట్టు. అందుకే చూసే వరస ఇలా ఉండాలి.

ముందు చెవి. "పడవ" అన్న మాటకి చప్పట్లు కొట్టమనండి. ప–డ–వ, మూడు చప్పట్లు పడాలి. తర్వాత "పడవలో ముందు ఏం వినిపించింది?" చివరగా "ప తో మొదలయ్యే ఇంకో మాట చెప్పు". ఇవి వంట చేస్తూ, స్కూటర్ మీద వెళ్తూ ఆడుకునే ఆటలే. చెవికి విడివిడిగా వినిపించని పిల్లకి కార్డులు ఎన్ని చూపించినా లాభం తక్కువ.

తర్వాత కన్ను. ఆరేడు కార్డులు కలిపేసి, వరస లేకుండా చూపించండి. తప్పు చెప్పినప్పుడు ఇంటూ గుర్తు వేయకండి, ఏది చూపిస్తే ఏది చెప్పిందో రాయండి. "చూపింది మ, చెప్పింది య." "చూపింది ప, చెప్పింది వ." మన లిపిలో మ–య, ప–వ–ష, న–స, బ–భ, ద–ధ, ఎ–ఏ చాలామంది పిల్లల్ని తికమక పెడతాయి. రెండు వారాల చీటీలు పక్కపక్కన పెడితే పిల్లకి రానిది యాభై అక్షరాలు కాదని, నాలుగు జతలేనని తేలుతుంది. మనసు తేలికపడేది అప్పుడే. ఆ జతల్ని ఒకేసారి పక్కపక్కన పెట్టి నేర్పకండి. ఒకటి బాగా కుదిరాకే రెండోది తీయండి.

తర్వాత పదం. గుణింతం, ఒత్తు లేని మాటలు తీసుకోండి: అల, వల, పడవ, పలక, గడప. మన పిల్లలకి మొదటి మూడూ కళ్లముందు కనిపించేవే. ఒక షరతు, మీరు ముందు నేర్పని పదం కూడా ఒకటి కలపండి. నేర్పిన పదం బొమ్మలా గుర్తుండి చెప్పేయొచ్చు. "తబల" ఎప్పుడూ చూడని పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివితే అది చదవడం.

రాయడం చివరిది. దీని మీద అమ్మానాన్నల ఆరాటం ఎక్కువ, నిజానికి ఈ వయసులో తొందర లేనిది ఇదే. తన పేరులో కొన్ని అక్షరాలు రాస్తే చాలు. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి ముందు సున్నాలు, సగం సున్నాలు, సుడులు వేళ్లకి అలవాటవ్వాలి. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద పుల్లతో గీసింది కూడా రాతే, ఫోటో తీసి తేదీతో పెట్టండి. ఎన్ని పేజీలు రాసిందన్న లెక్క నోట్‌బుక్‌లో ఎక్కడా ఉండకూడదు.

ఇంగ్లీషు కూడా చెబుతుంటే దానికి వేరే పేజీ ఇవ్వండి, కానీ ఆలోచనని రెండుసార్లు కొలవకండి. చాలామంది విశాఖ పిల్లలు రంగుల పేర్లు ఇంగ్లీషులో, కూరగాయల పేర్లు తెలుగులో చెబుతారు. "బ్లూ" తెలిసి "నీలం" తెలియకపోతే రంగు తెలిసినట్టే, తెలుగు మాట రావాలంతే. ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే కుటుంబాలు మన ఊళ్లో బోలెడు. పిల్ల ఏ భాషలో చెప్పినా లెక్క లెక్కే, కథ కథే. ఏ భాషలో చెప్పిందో పక్కన రాసుకోండి.

లెక్కల సంగతి

అంకెలు అప్పజెప్పడానికీ లెక్కపెట్టడానికీ చాలా దూరం ఉంది. విడివిడిగా చూడండి. నోటితో ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ జారిపోతుంది? పదకొండు నుంచి పంతొమ్మిది దాకా మన పేర్లు ఒక్కోటీ ఒక్కో తీరు, అక్కడ ఒకటి ఎగిరిపోవడం మామూలే. ఏది ఎగిరిపోతోందో రాసుకోండి. వస్తువుకి ఒక అంకె చొప్పున ఎంతవరకు నిలబడుతుంది? "మొత్తం ఎన్ని?" అంటే చివరి అంకె చెబుతుందా, మళ్లీ లెక్కపెడుతుందా? "ఐదు ఇవ్వు" అంటే ఐదు దగ్గర ఆగుతుందా, గుప్పెడు తీసి ఇచ్చేస్తుందా? ఆరు గవ్వలు దగ్గరగా పెట్టి, కళ్లముందే దూరం జరిపి "ఇప్పుడు ఎక్కువయ్యాయా?" అంటే ఏమంటుంది? ఎక్కువయ్యాయంటే కంగారొద్దు, ఐదేళ్లకి అలా అనడం సహజం. రాసుకుని, కొన్ని నెలలాగి మళ్లీ అడగండి.

ఇవన్నీ చూడటానికి మన పాత ఆటలకి మించిన పరికరం లేదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేయగానే మూడు వెల్లకిలా పడ్డాయని లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పేస్తోందా? గడులు దాటేటప్పుడు ఉన్న గడిని కూడా కలిపి లెక్కపెడుతోందా? వామనగుంటల్లో ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ వెళ్లడం ఒకటికొకటి జత కలపడమే. తాతయ్యతో ఆట ఆడుతుంటే మీరు పక్కన కూర్చుని చీటీ రాసుకోండి, పిల్లకి పరీక్ష అన్న ఊహే రాదు.

అంకెలు చదవడానికి లిఫ్ట్ బటన్లు, ఇంటి నంబర్లు, 28కె లాంటి బస్సు నంబర్లు ఉన్నాయి. 6ని 9 అనడం, 3ని తిప్పి రాయడం ఈ వయసులో మామూలు.

ఒళ్లు, మనుషులు

ఒంటికాలి మీద గెంతడం, బొత్తాం పెట్టుకోవడం, కత్తెరతో గీత వెంట కత్తిరించడం, బంతి పట్టుకోవడం. నెలకో చీటీ చాలు.

మనుషులతో మెలగడం మాత్రం ఇంటి చదువులో మనం కావాలని ఏర్పాటు చేసుకోవాల్సింది. బడిలో ఇరవైమంది పిల్లలు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు, ఇంట్లో దొరకరు. వారానికి రెండుసార్లైనా శివాజీ పార్కుకో, సెంట్రల్ పార్కుకో, అపార్ట్‌మెంట్ కిందికో తీసుకెళ్లండి. జారుడుబల్ల దగ్గర వంతు కోసం ఆగుతోందా? బొమ్మ లాక్కుంటే కొడుతుందా, ఏడుస్తుందా, నోటితో అడుగుతుందా, పెద్దవాళ్ల దగ్గరికి పరిగెత్తుతుందా? పది నిమిషాలు బెంచీ మీద కూర్చుని చూడండి, మధ్యలో వెళ్లకండి. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకి అంగన్‌వాడీలో పూర్వప్రాథమిక విద్య ఉంటుంది. కేంద్రం దగ్గర్లో ఉంటే కార్యకర్తతో మాట్లాడి చూడండి. మనకి కనిపించనివి ఆవిడకి కనిపిస్తాయి.

ఐదో మెట్టు: ఆదివారం ఇరవై నిమిషాలు

పిల్ల పడుకున్నాక ఇద్దరూ కూర్చోండి. ఇద్దరూ అనడం ఎందుకంటే, రోజంతా పక్కనే ఉన్న మనిషికి కనిపించని మార్పు సాయంత్రం ఇంటికొచ్చే మనిషికి కనిపిస్తుంది. ఆ వారం చీటీలు పైకి చదవండి. ఒక్కో భాగానికి ఒక్క వాక్యం రాయండి. తర్వాత, ఏది కొనసాగించాలి, ఏది తేలిక చేయాలి, ఏది కొన్నాళ్లు వదిలేయాలి, ఈ మూడూ తేల్చుకోండి.

టమాటాల చీటీనే తీసుకుందాం. ఆ ఆదివారం మేం రాసుకున్నది: "చివరి అంకె మొత్తం అని ఇంకా తెలియదు. వచ్చే వారం ఐదు లోపే లెక్క. లెక్కపెట్టాక గిన్నెతో మూసి 'లోపల ఎన్ని?' అని అడగాలి." మూసేస్తే మళ్లీ లెక్కపెట్టడానికి వీలుండదు, చివరి అంకె గుర్తు పెట్టుకోక తప్పదు. తర్వాతి చీటీల్లో మొదట "తెలీదు", ఆ తర్వాత ఊహించి చెప్పిన ఏదో అంకె, చివరికి గిన్నె మూయకముందే "నాలుగు, నాలుగే ఉన్నాయి!" అని కనిపించాయి. చీటీ లేకపోతే మేం పది దాటించి ఇరవై అప్పజెప్పించే పనిలో పడేవాళ్లం.

ఒక భాగంలో చీటీలే లేకపోతే అది పిల్ల లోటు అనుకోకండి, మనం అటు చూడలేదన్నమాట. వచ్చే వారం అటే చూడండి.

ఆరో మెట్టు: మూడు నెలలకి ఒక పేజీ

మూడు నెలలకోసారి నోట్‌బుక్ మొత్తం తిరగేసి ఒక్క పేజీ ఉత్తరంలా రాయండి. మార్కులు, గ్రేడులు, శాతాలు వద్దు. మూడు నెలల కిందట ఏం చేసేది, ఇప్పుడు ఏం చేస్తోంది, ఇప్పుడు దేని మీద కష్టపడుతోంది, దేన్ని ఇష్టంగా చేస్తోంది. పక్కన మొదటి బొమ్మ, ఇప్పటి బొమ్మ.

ఈ పేజీ తాతయ్యకి, మామ్మకి చదివి వినిపించండి. ఇంటికొచ్చిన ప్రతిసారీ "ఏదీ, ఏబీసీడీలు చెప్పు" అని అడగడం వాళ్ల ప్రేమే, పిల్లకి మాత్రం అది అందరి ముందు పరీక్ష. వద్దని చెప్పి నొప్పించే కన్నా వాళ్లకో పని అప్పగించండి. నెలనెలా కథ ఆడియో తాతయ్య దగ్గర చెప్పించండి. చెవి పెట్టి వినే మనిషి దొరికితే పిల్ల ఇంకా బాగా చెబుతుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

ఆలస్యం అంతా సమస్య కాదు, అలాగని అన్నిటినీ "అదే వస్తుందిలే" అని వదిలేయకూడదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితా ప్రకారం ఐదేళ్లు నిండేసరికి ఎక్కువమంది పిల్లలు కనీసం రెండు సంగతులున్న కథ చెబుతారు, మాటకి మాట కలుపుతూ సంభాషణ సాగిస్తారు, పది వరకు లెక్కపెడతారు, ఒక పని మీద ఐదు నుంచి పది నిమిషాలు నిలుస్తారు, వంతులు పాటిస్తారు, ఒంటికాలి మీద గెంతుతారు, కొన్ని బొత్తాలు పెట్టుకుంటారు. ఇందులో ఒకటి రాకపోతే రాసుకుని పిల్లల డాక్టరుతో మాట్లాడండి. అంతకుముందు వచ్చిన మాట, నడక, అలవాటు ఏదైనా పోతే ఆదివారం దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

అక్షరాల దగ్గర తికమకపడే పిల్లకి కళ్లు, మాట వినని పిల్లకి చెవులు ముందు చూపించండి. పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకోవడం, టీవీకి అతుక్కుపోవడం, వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం లాంటివి చీటీల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే అది చదువు సమస్య కాకపోవచ్చు. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల వరకు ఎదుగుదల లోపాలకి ఉచితంగా పరీక్షలు చేస్తారు, అంగన్‌వాడీ ద్వారా అడగొచ్చు. డాక్టర్ దగ్గరికి నోట్‌బుక్, రెండు మూడు వీడియోలు పట్టుకెళ్లండి. గదిలో కొత్తవాళ్లని చూసి పిల్ల నోరు విప్పకపోయినా ఇంట్లో ఎలా మాట్లాడుతుందో ఆయనకి తెలుస్తుంది.

ఒకటో తరగతిలో వేసేటప్పుడు

ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకి చెబుతోంది. మీరు చూస్తున్న బడిలో వయసు ఏ తేదీకి లెక్కేస్తున్నారో ముందే కనుక్కోండి. జనన ధ్రువపత్రం తీసి ఉంచండి. చేర్చుకునేటప్పుడు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ ఎంపిక పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. యూకేజీ చదివిన కాగితం లేదని పిల్లని పరీక్షకి కూర్చోబెట్టమంటే ఆ సెక్షన్ గుర్తు చేయండి.

ఆరేళ్లు దాటాక కూడా ఇంట్లోనే చెప్పాలనుకునేవాళ్లు జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ (ఎన్‌ఐఓఎస్) నడిపే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ గురించి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అందులో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలున్నాయి.

బడిలో చేర్చాక మొదటి వారం క్లాస్ టీచరుకి నోట్‌బుక్ మొత్తం ఇవ్వకండి, చదివే తీరిక ఆవిడకి ఉండదు. చివరి మూడు నెలల పేజీ, ఒక బొమ్మ, తికమకపడే అక్షరాల జతలు, పిల్లకి భయం వేసేవి, ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది అన్న నాలుగు వాక్యాలు, అంతా కలిపి రెండు కాగితాలు దాటకుండా ఇవ్వండి. ఏ బొమ్మ ఇవ్వాలో పిల్లనే ఎంచుకోమనండి.